ఇటలీ వెళ్తే ఒక్క ఊళ్లోనే ఉండండి

మూడేళ్ల కింద అమ్మనీ నాయిననీ నేనే హైదరాబాద్ నుంచి ఒక ప్యాకేజీ టూర్‌లో పంపించాను. పదకొండు రోజులు, ఏడు దేశాలు. అందులో ఇటలీ వాటా రెండున్నర రోజులు: వెనిస్, ఫ్లోరెన్స్, పీసా, రోమ్. పీసాలో ఒరిగిన గోపురం దగ్గర నలభై నిమిషాలు ఆపారు, అందులో సగం బాత్‌రూమ్ లైన్‌లోనే పోయింది. రోజూ రాత్రి ఏదో ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో పప్పు, అన్నం, పనీర్ కూర. తిరిగొచ్చాక ఫోన్‌లో అడిగాను, ఇటలీ ఎట్లుంది నాయినా అని. కాసేపు ఆలోచించి, "రోడ్లు మంచిగున్నయ్ బిడ్డా" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నలభై ఏళ్లు వ్యవసాయం చేసిన మనిషి ఆయన. పొలం గట్టు మీద నిలబడితే నేల రంగు చూసి అక్కడ ఏం పండుతుందో చెప్పగలడు. అలాంటి మనిషిని పట్టుకెళ్లి, ద్రాక్షా ఆలివూ పండే దేశం మధ్యలోంచి ఏసీ బస్సులో గంటకు వంద కిలోమీటర్ల వేగంతో దాటించి తీసుకొచ్చారు. ఆయన కళ్లకు రోడ్డు తప్ప ఏం మిగులుతుంది? తప్పు టూర్ వాళ్లదని కూడా అనను. వీసా పేపర్లు చూసుకున్నారు, పెద్దవాళ్లను జాగ్రత్తగా తిప్పి తీసుకొచ్చారు. ఎన్ని దేశాలు వస్తాయని అడిగి మరీ డబ్బు కట్టింది నేను.

అందుకే పోయిన అక్టోబరులో వాళ్లు మా దగ్గరికి స్టుట్‌గార్ట్ వచ్చినప్పుడు వేరేలా చేశాం. ఒకే ఊరు, ఒకే ఇల్లు, ఏడు రాత్రులు. పొద్దున్నే కారులో బయల్దేరి, స్విట్జర్లాండ్ మీదుగా, పదిహేడు కిలోమీటర్ల గొట్టార్డ్ సొరంగం దాటి, దాదాపు 650 కిలోమీటర్లు వెళ్లి ఇటలీ వాయవ్యంలో పియెమోంతే ప్రాంతంలోని లా మొర్రా అనే ఊరి కింద, ద్రాక్ష తోటల మధ్య ఒక రైతు ఇంట్లో దిగాం. మళ్లీ వారం దాకా దూర ప్రయాణం పెట్టుకోలేదు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మన స్నేహితులు అడిగే ప్రశ్న ఒకటే: "వారమంతా ఒకే ఊళ్లోనా? ఏం చేశారు మరి?" ఆ ప్రశ్నకు తీరిగ్గా జవాబు చెబుదామనే ఇది రాస్తున్నాను.

ముందు, టస్కనీ కాకుండా అక్కడికే ఎందుకు వెళ్లామో చెప్పాలి. ఇటలీ పల్లె అనగానే అందరికీ గుర్తొచ్చే బొమ్మ టస్కనీదే. గుట్ట మీద రాతి ఇల్లు, పక్కన సన్నగా పొడుగ్గా సైప్రస్ చెట్లు, స్విమ్మింగ్ పూల్. ఆ రాతి ఇళ్లలో చాలావరకు ఒకప్పుడు పాలుకు చేసే రైతులవి. మెజ్జద్రియా అనేవారు, సగం పంట భూస్వామికి, సగం దున్నినవాళ్లకు. మన దగ్గర పాలుకిచ్చే పద్ధతి తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ కుటుంబాలు ఫ్యాక్టరీల వైపు, పట్నాల వైపు వెళ్లిపోయాయి. 1964లో కొత్తగా అలాంటి ఒప్పందాలు రాసుకోవడాన్నే చట్టం ఆపేసింది. ఖాళీ పడ్డ ఇళ్లను తర్వాత బయటివాళ్లు, విదేశీయులు కొని బాగుచేయించుకున్నారు. చూడటానికి చాలా అందంగా ఉంటాయి, కాదనను. కానీ నాయినకు కావాల్సింది పొలంలో పని చేసే మనిషి. మేం వెళ్లిన లాంగే కొండల్లో చిన్న చిన్న సొంత కమతాలు ఎక్కువ, రైతు ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. నా లెక్క అంతే.

లాంగే ఇప్పుడు డబ్బున్న ప్రాంతం కానీ, ఒకప్పుడు ఆ కొండల్లో కడుపు నింపుకోవడమే గగనమయ్యేది. యువకులు కొండ దిగిపోతూ ఉన్న రోజుల్లో రెండు పనులు జరిగాయి. కింద ఆల్బా పట్టణంలో 1946లో పెట్టిన ఫెర్రెరో మిఠాయి కంపెనీ (యుద్ధం తర్వాత కోకో దొరక్క, కొండల్లో విరివిగా కాసే హేజెల్‌నట్ గింజలు కలిపి మొదలుపెట్టిన సరుకే చివరికి 1964లో న్యూటెల్లా అయింది) పల్లెలకు బస్సులు నడిపి మనుషులను పనికి తీసుకెళ్లి సాయంత్రం మళ్లీ ఇంటికి దింపేది. దాంతో పొలం ఉన్నవాళ్లు పొలం వదలకుండా జీతం తెచ్చుకోగలిగారు. రెండోది, పక్కనే బార్బరెస్కో ఊళ్లో 1958లో చర్చి ఫాదర్ ఒకాయన పంతొమ్మిది మంది చిన్న రైతులను కూడగట్టి సహకార సంఘం పెట్టించాడు. విడివిడిగా వ్యాపారికి పండ్లు అమ్ముకుంటే గిట్టదు, కలిసి వైన్ చేసి మన పేరుతోనే అమ్ముకుందాం అని. ఆ సంఘం ఇప్పటికీ నడుస్తోంది, మంచి పేరుంది. రైతు ఊళ్లోనే నిలబడ్డాడు కాబట్టే మనం వెళ్లి కూర్చోవడానికి అక్కడ ఒక భోజనం బల్ల ఉంది.

మేం ఉన్నది హోటల్ కాదు, అగ్రితురిజ్మో. రైతు ఇంట్లో బస అన్నమాట. ఈ మాటకు ఇటలీలో చట్టం ఉంది. 1985లో మొదటిది వచ్చింది, 2006లో దాని స్థానంలో ఇంకోటి తెచ్చారు. ఎవరు పడితే వాళ్లు ఆ బోర్డు పెట్టుకోలేరు. నడిపేది రైతే అయి ఉండాలి, అతిథుల పని కంటే వ్యవసాయం పనే ఎక్కువగా ఉండాలి, వడ్డించే తిండిలో సొంత పొలానిదీ చుట్టుపక్కల ఊళ్లదీ ఇంత వాటా ఉండాలని ఆయా ప్రాంతాల ప్రభుత్వాలు లెక్క పెడతాయి. దేశమంతా ఇలాంటివి దాదాపు 26 వేలు ఉన్నాయి. మన హైదరాబాద్ చుట్టూ ఎన్ని ఫామ్‌హౌస్‌లు ఉన్నాయో చూడండి. ఈత కొలను ఉంటుంది, డీజే ఉంటుంది, లాన్ ఉంటుంది, రైతు ఒక్కడు ఉండడు. మనకు కూడా ఇలాంటి చట్టం ఒకటి ఉంటే ఎంతమంది పొలం అమ్ముకోకుండా ఉండేవారో అని నాకు గట్టిగా అనిపిస్తుంది, ఎందుకంటే అమ్ముకున్న ఇంట్లోనే నేను పెరిగాను.

శామీర్‌పేట, మేడ్చల్ వైపు ఒకప్పుడు ద్రాక్ష తోటలుండేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. అనాబ్-ఎ-షాహీ అనే రకానికి హైదరాబాదే పేరు. పొడుగ్గా, లేతాకుపచ్చగా ఉండి పండేకొద్దీ తేనె రంగుకు తిరిగే పండు. మాకు మూడెకరాల పందిరి ఉండేది. రాతి కడీలు పాతి, పైన ఇనుప తీగలు అల్లి, వాటి మీదికి ద్రాక్ష తీగ పాకిస్తే, ఎండాకాలం కూడా దాని కింద చల్లగా నీడగా ఉండేది, నా హోంవర్కులన్నీ అక్కడే చేశాను. తర్వాత బోర్లు ఒకటొకటిగా ఎండిపోయాయి. మందుల ఖర్చు పెరిగింది. చుట్టూ పొలాలు ప్లాట్లయిపోయాక మధ్యలో ఒక్క తోట ఎంతకాలం నిలుస్తుంది? 2005లో అమ్మేశారు. ఇప్పుడక్కడ గేటు, గేటుకు వాచ్‌మన్, లోపల డూప్లెక్స్ ఇళ్లు ఉన్నాయి. కడీలు కొన్ని ఇంకా మా ఇంటి వెనక పడి ఉన్నాయి, నాయిన వాటిని అమ్మనివ్వడు.

కాబట్టి లా మొర్రాలో మొదటి రోజు పొద్దున్న లేచి చూసేసరికి నాయిన గదిలో లేకపోతే నేనేం కంగారు పడలేదు. తోటలో ఉన్నాడు. లోయంతా పొగమంచు నిండి, కొండ తలలు మాత్రం పైకి తేలి ఉన్నాయి. దూరంగా ఆల్ప్స్‌లో మొన్విజో శిఖరం, ఎండ అప్పుడే తగులుతోంది. ఆ ప్రాంతపు ముఖ్యమైన ద్రాక్షకు నెబ్బియోలో అని పేరు. నెబ్బియా అంటే పొగమంచు, ఈ మంచు దిగే రోజుల్లో పండుతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. నాయిన అవేవీ చూడట్లేదు. వంగి, వరసల కింద నేల మీద ఎండి ముడుచుకుపోయిన గుత్తులను వేళ్లతో కదుపుతున్నాడు.

"ఏందిది, మంచి గుత్తులను గిట్ల కోసి పారేసిర్రు?"

ఆ ఇంటాయనకు డెబ్బై దగ్గర ఉంటాయి, ఇటాలియన్ తప్ప రాదు. కొడుకుకు ఇంగ్లిష్ వచ్చు. కొడుకు నాకు, నేను నాయినకు, మళ్లీ వెనక్కి, ఇలా ఆ వారమంతా మాటలు నడిచాయి. ఎండాకాలంలోనే కొన్ని పచ్చి గుత్తులను కావాలని కోసి పడేస్తారట, మిగిలిన గుత్తులకు సారం పట్టడానికి. దానికి తోడు ఆ ద్రాక్షతో చేసిన వైన్‌కు బరోలో అని పేరు పెట్టుకోవాలంటే హెక్టారుకు 8 టన్నులకు మించి పండు తీయకూడదని నియమం. ఎకరానికి చూస్తే మూడు టన్నుల పైచిలుకు. నాయిన అది విని, మేం ఎకరానికి పదిహేను టన్నులు తీసినం అని చెప్పమన్నాడు. చెప్పాను. ఇంటాయన కొడుకు వైపు తిరిగి, సరిగ్గా విన్నావా అన్నట్టు చూశాడు. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఆశ్చర్యం. ఎక్కువ పండించడమే రైతు పనితనమని ఒకరు జీవితమంతా నమ్మారు, తక్కువ పండించడమే పనితనమని ఇంకొకరు. ఆ తేడా ధరలో ఉంది. అక్కడ మంచి వాలులో ఉన్న హెక్టారు తోట విలువ పది లక్షల యూరోలు దాటుతుంది, తోటగా ఉన్నందుకే దాటుతుంది. మా నేల తోట కాకుండా పోయాక ధర పలికింది.

అయితే అంత ధర కూడా మంచిది కాదని ఇంటాయన కొడుకే చెప్పాడు. అన్నదమ్ములు పంచుకోవాలంటే ఒకరి వాటా ఇంకొకరు కొనలేరు. బయటి పెట్టుబడిదారులు కాచుకుని ఉంటారు. కాస్తిల్యోనే ఫల్లెత్తోలోని పాత కుటుంబ సంస్థ వియెత్తిని 2016లో ఒక అమెరికన్ వ్యాపారి కుటుంబం కొనేసింది, ఆ కొండల్లో చాలామంది ఆ రోజు ఉలిక్కిపడ్డారు. 2014లో యునెస్కో ఈ ద్రాక్ష కొండలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, ఆ గుర్తింపు కొండల రూపాన్ని కాపాడుతుందేమో కానీ, వాటిని దున్నే కుటుంబాన్ని కాపాడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఇంకో రోజు మాటలు కత్తిరింపు మీదికి వెళ్లాయి. మన దగ్గర ద్రాక్షను ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి, ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, పంట మాత్రం ఒక్కటే తీసుకుంటాం. ఇంటాయనకు ఇది అర్థం కాలేదు, రెండుసార్లు ఎందుకు? నాయిన నాతో ఏమన్నాడంటే, "మా కాడ సలి లేదు బిడ్డా, తీగ పండుకోదు, మనమే కోసి దాన్ని ఆపాలె అని చెప్పు." అక్కడ చలికాలంలో ఆకంతా రాలి తీగ తనంతట తనే నిద్రపోతుంది, జనవరి ఫిబ్రవరిలో ఒక్కసారి కత్తిరిస్తారు. పొటతూరా అంటారు. ఇంటాయన లేచి వెళ్లి కత్తెర తెచ్చి, ఒక తీగ మీద ఎక్కడ కోస్తారో, చిగురేసే కళ్లు ఎన్ని వదులుతారో చూపించాడు. నాయిన తల ఊపుతూ, తను ఎన్ని వదిలేవాడో వేళ్లతో చూపించాడు. నేను అనువాదం ఆపేసి పక్కకొచ్చి కూర్చున్నాను. వాళ్లకు నాతో అవసరం లేదు.

పీసాలో నలభై నిమిషాలు ఆగితే ఇది దొరకదు. మొదటి రోజు వెళ్లి మూడో రోజు వచ్చేసినా దొరకదు, ఎందుకంటే మాకు ఆ కత్తెర బయటికొచ్చింది నాలుగో రోజు సాయంత్రం. మనం తీరికను వృథా అనుకుంటాం. ఇంత డబ్బు పెట్టి వచ్చాం కదా, ఇంకో ఊరు చూసొద్దాం అనే తొందర మనలో చాలా బలంగా ఉంది, నాలో కూడా ఉంది. రెండో రోజు నేనే అడిగాను, తూరిన్ గంటన్నర దూరమే కదా వెళ్దామా అని. అమ్మ ఒద్దంది. ఇంటావిడ ఆ రోజు పిండి కలుపుతానంది, చూడాలని ఆమెకు.

ఆ పిండి తయరిన్ కోసం. సేమ్యా కంటే కొంచెం వెడల్పుగా చేత్తో కోసే నూడుల్స్. కిలో పిండికి ముప్పై గుడ్ల పచ్చసొనలు వేసింది ఆవిడ, నీళ్లు ఒక్క చుక్క లేదు. కొన్ని ఇళ్లలో నలభై కూడా వేస్తారట. వెన్నలో సేజ్ ఆకులు వేయించి అందులో కలిపి పెట్టింది, అంతే, ఇంకేమీ లేదు. మేం గొడ్డు మాంసం తినమని ముందే రాశాం, ఎందుకంటే ఆ ప్రాంతంలో సగం వంటలు దూడ మాంసంతోనే ఉంటాయి, బరోలోలో గంటల తరబడి ఉడికించేది, పచ్చిగా కొట్టి నిమ్మరసంతో పెట్టేది. ఇంటావిడ ఏమాత్రం నొచ్చుకోకుండా వారమంతా కోడి, గుడ్డు, కూరగాయలు, జున్నులతో నడిపింది. ఒక రోజు కుందేలు. ప్లిన్ అని ఇంకోటి చేసింది, చిన్న చిన్న పిండి పొట్లాలు, ప్లిన్ అంటే అక్కడి యాసలో గిల్లడం. కజ్జికాయ అంచు నొక్కినట్టే ప్రతి దాన్నీ వేళ్లతో గిల్లి మూస్తారు. అమ్మ పక్కన కూర్చుని వందో నూటయాభయ్యో గిల్లింది. భాష రాని ఇద్దరు ఆడవాళ్లు రెండు గంటలు ఒకే బల్ల దగ్గర ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను పడుకున్నాను.

మూడో రాత్రి పొలెంత వచ్చింది. మొక్కజొన్న రవ్వను నీళ్లలో కలుపుతూ చాలాసేపు ఉడికించి, పైన కస్తెల్‌మాన్యో అనే జున్ను కరిగించి పోసింది. అమ్మ ఒక ముద్ద తిని, "ఇది మక్క గట్కనే గదనే" అంది. నిజంగానే గట్కే. అమ్మ చిన్నప్పుడు అన్నం పండగలకే, మిగతా రోజులన్నీ జొన్న గట్కో మక్క గట్కో. ఆ మాట ఇంటావిడకు చెప్తే, ఆవిడ తన అమ్మమ్మ కాలంలో పొద్దున పొలెంత, రాత్రి పొలెంత, జున్ను పండక్కే అంది.

ఈ రెండు గట్కల మధ్య ఒక పాత చుట్టరికం ఉంది. పొలెంత తప్ప ఇంకేమీ దొరకని ఉత్తర ఇటలీ పేదలకు చర్మం నల్లబడి పగుళ్లొచ్చి, విరేచనాలై, చివరికి మతి చెడే జబ్బు ఒకటి వచ్చేది. ఆ జబ్బుకు పెల్లాగ్రా అనే పేరు ఇటలీ వాళ్లు పెట్టిందే, ముతకబారిన చర్మం అని అర్థం. మొక్కజొన్నలోని నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టకపోవడం దానికి కారణమని చాలా తర్వాత తేలింది. సరిగ్గా ఆ జబ్బే మన దక్కన్‌లో జొన్న మీదే బతికే పేదల్లో కనిపించింది. హైదరాబాద్ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ బృందం 1960 ప్రాంతంలో దాని మీద చేసిన పరిశోధన ప్రపంచమంతా చదివింది. అంటే ఇప్పుడు మనం డబ్బు పెట్టి, కొవ్వొత్తి వెలుతురులో తినే ఆ గిన్నె ఒకప్పుడు మనుషులను చంపిన తిండి. వేరే ఏమీ లేనప్పుడు తింటే జబ్బు. పక్కన జున్ను, గుడ్డు, కూర ఉండి తింటే విందు. "ఇటలీ పల్లె వంట ఎంత సింపులో" అని మురిసిపోయేవాళ్లకు ఈ సంగతి గుర్తు చేయాలని నాకు చాలా ఉంది. ఆ సింపుల్ వంటలో సగం పేదరికం నేర్పినదే. లాంగేలో సముద్రం లేదు, అయినా బాన్య కౌద అనే వంటకం నిండా వెల్లుల్లితో పాటు ఉప్పు చేప ఉంటుంది, ఎందుకంటే లిగూరియా తీరం నుంచి కొండలు ఎక్కించి తెచ్చే చేపల్లో చెడిపోకుండా నిలిచేది, పేదవాడు కొనగలిగేది అదొక్కటే.

ఇక వైన్. ఇక్కడ కొంచెం నిదానంగా రాయాలి, ఎందుకంటే మా ఇంట్లో మందు అనేది మామూలు మాట కాదు. మా మేనమామ సారా తాగి తాగి నలభై రెండేళ్లకు పోయాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద మొదలుపెట్టిన పోరు రాష్ట్రమంతా పాకినప్పుడు మా అమ్మ కూడా ఊరి ఆడవాళ్లతో కలిసి దుకాణం ముందు కూర్చుంది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చిన రోజు ఏడ్చానని ఇప్పటికీ చెప్తుంది. ఆ వారంలో అమ్మ వైన్ ముట్టలేదు. ఎవరూ బలవంతం చేయలేదు, రుచి చూడండి అని రెండోసారి అనలేదు, ఆమె ముందు నీళ్ల సీసా పెట్టి మామూలుగా వడ్డించారు. వైన్ ఊరికి వెళ్లి తాగకపోతే ఏం లాభం అని అడిగేవాళ్లకు అమ్మనే చూపిస్తాను. బల్ల దగ్గర అందరికంటే ఎక్కువసేపు కూర్చుంది ఆమే.

నాయినకు కల్లు అలవాటు. పొద్దున్నే గౌడ్ దించిన ఈత కల్లు, తెలిసిన చెట్టుది, తెలిసిన చేతిది. కాబట్టి తోటను చూసి, పిండే గదిని చూసి, తర్వాత గ్లాసు అందుకోవడం ఆయనకు కొత్తగా అనిపించలేదు. మొదటి గుక్క బరోలో తాగి "వగరు" అన్నాడు. నేను నవ్వబోయి ఆగాను, ఎందుకంటే అదే అసలు మాట. నెబ్బియోలో గురించి పుస్తకాలు, వెబ్‌సైట్లు టానిన్ టానిన్ అని పేజీలు రాస్తాయి. నేరేడు పండు తిన్నాక నాలుకను పట్టేసే ఆ గుణానికి మన భాషలో ఎప్పటినుంచో పేరుంది, ఉగాది పచ్చడి తినే ప్రతి పిల్లకూ ఆ రుచి తెలుసు. వైన్ రుచి తెలియాలంటే ఇంగ్లిష్ మాటలు నేర్చుకోవాలని భయపడేవాళ్లకు ఇదే చెప్తాను, మీ నోట్లో వగరు, పులుపు, చేదు అనే మాటలున్నాయి, అవి చాలు. ఆ వగరు మెత్తబడటానికే బరోలోను 38 నెలలు ఆపుతారు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. ఈ అక్టోబరులో కోసిన పండు నాలుగో ఏడు జనవరికి గానీ దుకాణానికి రాదు. సాయంత్రానికే పులిసిపోయే కల్లు ఎరిగిన నాయినకు ఈ లెక్క బాగా నచ్చింది. అన్నేళ్లు పైసలు రాకుండా ఇల్లెట్ల గడుస్తదని అడిగాడు. అందుకే దోల్చెత్తో, బర్బెరా అనే తొందరగా అమ్ముకునే రకాలు కూడా వేస్తామన్నాడు ఇంటాయన.

వైన్ కాబట్టి మంచిదే అనుకోవడం కూడా తప్పు. 1986లో మిథనాల్ కలిపిన చవక వైన్ తాగి ఇటలీలో ఇరవై మందికి పైగా చనిపోయారు, ఇంకొందరికి చూపు పోయింది. ఆ కల్తీ గుట్టు బయటపడ్డది ఎక్కడో దూరాన కాదు, బరోలో ఊరికి పక్కనే ఉన్న నర్జోలే అనే ఊళ్లో. కల్తీ సారా చావులు చూసిన మనకు ఆ వార్త కొత్తగా ఉండదు. అక్కడివాళ్లు ఆ దెబ్బ తర్వాత మారారు, ఎంత చవగ్గా ఎంత ఎక్కువ అమ్మాలన్న లెక్క వదిలి, ఎక్కడిది, ఎవరు చేశారు అన్న లెక్క పట్టుకున్నారు. అదే 1986లో, లా మొర్రా నుంచి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్రా పట్టణానికి చెందిన కార్లో పెత్రీని, ఆయన స్నేహితులు ఆర్చిగోలా అనే సంఘం పెట్టారు. రోమ్‌లో స్పానిష్ మెట్ల దగ్గర మెక్‌డొనాల్డ్స్ వస్తోందని గొడవ జరిగిందీ ఆ ఏడే. ఆ సంఘమే తర్వాత స్లో ఫుడ్ ఉద్యమం అయింది, 1989 డిసెంబరులో పారిస్‌లో ప్రకటన మీద సంతకాలు పెట్టారు, నత్త దాని గుర్తు. నిదానంగా తినడం అన్నది పర్యాటకుల కోసం కనిపెట్టిన మాట కాదు. కల్తీకీ తొందరకూ విసిగిన మనుషులు పట్టుదలగా ఎంచుకున్న దారి అది.

ఇంకో సంగతి దాటవేస్తే ఈ రాతకు న్యాయం చేసినట్టు కాదు. మేం ఉన్నప్పుడు నెబ్బియోలో కోతలు నడుస్తున్నాయి. కోసేది ఇంటివాళ్లు ఒక్కరే కాదు. తూర్పు యూరప్ నుంచి, ఆఫ్రికా నుంచి వచ్చిన కూలీలు. నాయిన మొదటి రోజే అడిగాడు, రోజు కూలి ఎంత, అన్నం ఎవరు పెడ్తరు అని. తను కూలీలను పెట్టుకున్న మనిషి కాబట్టి అడగడానికి మొహమాటపడలేదు, ఇంటాయన కొడుకు కూడా దాచకుండా కాగితం మీద రాసి చూపించాడు. కానీ అన్ని చోట్లా ఇలా ఉండదు. మధ్యలో మేస్త్రీ మనిషిని పెట్టి, కాగితం లేని కూలీలతో తక్కువ డబ్బుకు పని చేయించుకునే పద్ధతి ఇటలీ అంతటా ఉంది, దాన్ని అరికట్టడానికి 2016లో గట్టి చట్టం తెచ్చారు, అయినా ఆగలేదు. 2024 జూన్‌లో రోమ్‌కు దక్షిణాన లతీనా జిల్లాలో, పంజాబ్ నుంచి వచ్చిన 31 ఏళ్ల కూలీ చెయ్యి పొలంలో యంత్రంలో పడి తెగిపోతే, ఆస్పత్రికి తీసుకెళ్లకుండా ఇంటి ముందు దింపేసి వెళ్లారు. తెగిన చెయ్యి పండ్ల డబ్బాలో పెట్టి ఉంది. రెండు రోజులకు చనిపోయాడు. మన దేశపు పిల్లవాడు. ఆ దేశపు పొలాల మధ్య కూర్చుని తీరిగ్గా భోంచేసేవాళ్లం, పండ్లు కోసిందెవరు, వాళ్లకెంత ఇస్తున్నారు అని ఒక్క ప్రశ్న అడగలేమా? జవాబు ఇవ్వడానికి ఇబ్బంది పడే ఇల్లు అయితే మరుసటి ఏడు వేరే ఇల్లు చూసుకోవచ్చు. వారం ఉంటేనే ఆ ప్రశ్న అడిగే చనువు వస్తుంది.

ఇదంతా డబ్బున్నవాళ్ల మాట అంటారేమో. లెక్క చెప్తాను. గదికి రాత్రికి 110 యూరోలు, పొద్దుటి తిండితో కలిపి, రెండు గదులు. రాత్రి భోజనం మనిషికి 30 యూరోలు. పెట్రోల్, టోల్, స్విస్ రోడ్డు స్టిక్కర్ అన్నీ వేసుకుని నలుగురికి వారానికి దాదాపు 2,700 యూరోలు అయింది. తక్కువేం కాదు. కానీ అమ్మా నాయినల ప్యాకేజీకి విమానం టికెట్లతో కలిపి నాలుగున్నర లక్షలు కట్టాను, ఇద్దరికే. ఊళ్లు మారినకొద్దీ ఖర్చు పెరుగుతుంది. కదలకుండా ఉంటే తగ్గుతుంది.

కారు లేకపోతే ఆ కొండల్లో కష్టం, బస్సులు తక్కువ. తాగి నడపొద్దు, పరిమితి లీటరు రక్తానికి అర గ్రామే. బస ఉన్న ఇంట్లోనే రాత్రి భోజనం కూడా ఉండేలా చూసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా దుకాణాలు మూసేస్తారు, దానికి కోపం తెచ్చుకోకండి, మీరూ పడుకోండి. అక్టోబరు శని ఆదివారాల్లో ఆల్బాలో తెల్ల ట్రఫుల్ అనే, నేల లోపల పెరిగే పుట్టగొడుగు లాంటి దాని సంత ఉంటుంది, జనం విపరీతంగా ఉంటారు, సోమవారం నుంచి శుక్రవారం దాకా తోటల్లో ఉండి సంతను వదిలేసినా నష్టం లేదు. కిలో వేల యూరోలు పలికే ఆ ట్రఫుల్ గురించి అందరూ రాస్తారు, నేను రాయను.

వచ్చేముందు రోజు రాత్రి ఇంటాయన అడిగాడు, మీ తోటలో ఇప్పుడేం వేశారు అని. నాకు అనువాదం చేయబుద్ధి కాలేదు. నాయినకు ఎలా అర్థమైందో మరి, "ఇండ్లు" అన్నాడు. నేను ఆ ఒక్క మాటే కొడుకుకు చెప్పాను. ఇంటాయన ఏమీ అనలేదు. గ్లాసులో ఇంకొంచెం పోశాడు, అమ్మకు నీళ్లు పోశాడు.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి నాయిన వారానికోసారి ఫోన్‌లో అడుగుతున్నాడు, వచ్చే ఫిబ్రవరిలో వీసా అయితదా అని. ఆ ఇంటివాళ్లకు మెయిల్ పెట్టాను. ఫిబ్రవరిలో చలి, మంచు, ఆకు కూడా ఉండదు, అతిథులెవరూ రారు, చూడటానికి ఏమీ లేదు, మరోసారి ఆలోచించుకోండి అని రాశారు. అది చదివి వినిపించాను.

"తీగ పండుకున్నప్పుడు ఎట్లుంటదో నేనెన్నడు సూడలే బిడ్డా. పొటతూరా ఏ వారమో అడుగు."

రెండో వారం అని జవాబొచ్చింది. గది బుక్ చేశాను, ఈసారి పది రోజులు.